గోటి సోరియాసిస్: మందు రాయాల్సిన చోటు వేరు

గడియారాలు బాగుచేయడం నా పని. వెనక మూత తెరవడానికి ప్రత్యేకంగా కత్తి ఉన్నా, ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ బొటనవేలి గోరే ముందు వెళ్తుంది. ఒకరోజు ఆ గోరు మూత అంచున పెళుక్కున విరిగింది. కంటికి భూతద్దం ఉండనే ఉంది కదా అని చూస్తే, గోటి మీద సూదిమొనతో పొడిచినట్టు పదకొండు గుంటలు. పక్క వేలి గోరు కింద నూనెచుక్క ఇంకినట్టు పసుపూ ఎరుపూ కలిసిన మచ్చ. మోచేతుల మీద సోరియాసిస్ ఎప్పటినుంచో ఉంది. అది గోళ్లకూ వస్తుందని నాకు తట్టలేదు.

ఫంగస్ అనుకున్నాను. పరీక్ష లేకుండా నాలుగు నెలలు ఫంగస్ మందు రాశాను. ఆ నాలుగు నెలలూ వృథా. మీరు ముందు చర్మవైద్యుడికి చూపించి, గోటి ముక్క పరీక్ష చేయించుకోండి. రెండు జబ్బులూ ఒకే గోటికి ఉండవచ్చు కూడా.

తర్వాత తెలుసుకోవాల్సింది జబ్బు ఎక్కడ ఉందన్నది. గుంటలు పడుతున్నా, గోరు పొడిగా రాలుతున్నా జబ్బు గోటి మొదట్లో ఉన్నట్టు. గోరు తయారయ్యేది అక్కడే, చర్మం మడత కింద. నూనెమచ్చ, గోరు పైకి లేవడం, కింద పొట్టు మందంగా పేరుకోవడం కనిపిస్తే జబ్బు గోరు కింది చర్మంలో ఉన్నట్టు. మొదట్లో నేను మందును గోటి మీదే శ్రద్ధగా పూసేవాణ్ణి. గడియారం అద్దం మీద నూనె రాస్తే లోపలి చక్రాలు తిరుగుతాయా?

నా డాక్టర్ చెప్పిన పద్ధతి ఇది. రాత్రి పడుకునే ముందు వేళ్లను గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, బాగా తుడుచుకోవాలి. గుంటలున్న వేలికి, గోరు చర్మంలోంచి బయటికి వచ్చే చోట ఆవగింజంత మందు పెట్టి మెల్లగా రుద్దాలి. లేచిన గోరైతే, లేచినంత మేరా కత్తిరించి, బయటపడిన చర్మానికి రాయాలి. పిన్నుతోనో పుల్లతోనో గోరు కింద గీకకూడదు. దెబ్బ తగిలిన చోట సోరియాసిస్ మరింత పెరుగుతుంది. మందులో క్లోబెటసాల్ వంటి గట్టి స్టెరాయిడ్, కాల్సిపోట్రయాల్ అనే విటమిన్ డి రకం ఉంటాయి. స్టెరాయిడ్‌ను చెప్పినన్ని రోజులే వాడాలి. నెలల తరబడి సొంతంగా లాగిస్తే వేలి కొస చర్మం పలచబడుతుంది.

ఇక ఓపిక. మందు మొదలుపెట్టిన రోజు బొటనవేలి గోటి మొదట్లో సన్నని ఆకురాయితో పైపైన చిన్న గుర్తు పెట్టుకున్నాను. నెల తర్వాత స్కేలు పెడితే మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. చేతి గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు, కాలి గోటికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ముందున్న గుంటలు పాతవి, వాటిని ఏ మందూ పూడ్చలేదు. గుర్తుకు వెనక కొత్తగా వస్తున్న గోరు నున్నగా ఉందా అన్నదే చూడాలి. మూడు వారాలకే మందు మార్చమని అడిగేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పూత మందుకు లొంగకపోతే, ఒకటి రెండు గోళ్లకే ఉంటే, గోటి మొదట్లో ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. గోటి మొదట్లో ఉన్న జబ్బుకు ఇది పనికొస్తుంది, లేచిన గోటికి అంతగా కాదు. నొప్పి లేదంటే అబద్ధం. వేలికి మత్తు ఇవ్వమని అడగండి, నేను మొహమాటపడి అడగలేదు.

గోళ్లు ఎక్కువగా దెబ్బతిన్నా, కీళ్లకు పాకినా లోపలికి తీసుకునే మందులు వస్తాయి. మెథోట్రెక్సేట్ మాత్ర ఈ జబ్బుకు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కాలెండర్‌లో ఆ రోజుకు సున్నా చుట్టుకోండి, రక్తపరీక్షలు మానకండి. గర్భం విషయంలో ఈ మాత్ర ప్రమాదకరం. ఎసిట్రెటిన్ అనే మరో మందు ఈ విషయంలో మరీ కఠినం, ఆపేశాక కూడా మూడేళ్లపాటు గర్భం రాకూడదు. అప్రెమిలాస్ట్ మాత్రలు, అడాలిముమాబ్, సెకుకినుమాబ్ వంటి బయలాజిక్ (రోగనిరోధక శక్తిలో జబ్బును రేపే భాగాన్ని అడ్డుకునే) ఇంజెక్షన్లు ఆ తర్వాతి మెట్టు. బయలాజిక్‌లకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

ఉదయం లేవగానే వేళ్లు అరగంటకు మించి బిగుసుకుపోతున్నా, గోటి పక్కనున్న కీలు ఉబ్బినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి. గోటి సోరియాసిస్ ఉన్నవాళ్లకు కీళ్లజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. గోరు మళ్లీ మొలుస్తుంది కానీ అరిగిన కీలు తిరిగి రాదు.

గోళ్లు పొట్టిగా ఉంచుకుంటున్నాను. తడి పనికి నూలు తొడుగు వేసుకుని, దాని మీద రబ్బరు తొడుగు వేసుకుంటున్నాను. ఎనిమిది నెలలకు, పదకొండు గుంటలుండే గోటి మీద ఇప్పుడు మూడే ఉన్నాయి. మూత తెరవడానికి ఇప్పుడు కత్తే వాడుతున్నాను. వదులు మూత కనిపిస్తే మాత్రం బొటనవేలు ఇంకా దానంతటదే ముందుకు వెళ్తుంది, వెనక్కి లాక్కుంటున్నాను.