క్లస్టర్ ఫైల్ షేరింగ్ పెట్టే ముందు జాగ్రత్తలు

లినక్స్ సర్వర్ల మీద గ్లస్టర్ (సర్వర్ల డిస్కుల్ని ఒకే స్టోరేజీగా కలిపేది), దానిపైన సాంబా (ఆ ఫైళ్లని విండోస్ మెషిన్లకి షేర్ చేసేది), సీటీడీబీ (సాంబాని అన్ని సర్వర్లలో కలిపి నడిపేది). ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

• సర్వర్లు రెండే ఉంటే ఆగండి. మధ్యలో నెట్‌వర్క్ తెగితే రెండూ ‘నా దగ్గరున్నదే అసలు ఫైలు’ అని కూర్చుంటాయి. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు, సరిచేయడం పెద్ద తలనొప్పి. మూడోదానికి డబ్బుల్లేకపోతే ఓ పాత మెషిన్‌ని ఆర్బిటర్‌గా, అంటే తగువు తీర్చే మూడో ఓటుగా పెట్టండి. అది ఫైళ్ల పేర్లు, వివరాలే దాస్తుంది, పెద్ద డిస్కు అక్కర్లేదు.

• అన్నిట్లో టైము ఒకటేనా? క్రోనీ (టైము సరిచేసే సర్వీసు) నడుస్తోందా?

• 24007 (గ్లస్టర్‌ది), 4379 (సీటీడీబీది) పోర్టులు సర్వర్ల మధ్య మాత్రమే తెరవండి. బ్రిక్ (ప్రతి సర్వర్లో గ్లస్టర్ డేటా దాచే ఫోల్డర్) పోర్టులు కూడా మర్చిపోవద్దు.

• డేటాకి వేరే డిస్కు. రూట్ పార్టిషన్‌లో పెట్టి అది నిండితే సర్వరే మొరాయిస్తుంది.

• సీటీడీబీ నోడ్స్ ఫైలు (సర్వర్ల ఐపీ అడ్రస్‌ల జాబితా) అన్ని సర్వర్లలో ఒకేలా ఉండాలి, వరుసతో సహా. సాంబాని సీటీడీబీకి అప్పగిస్తే, బూట్‌లో సాంబా తనంతట తాను లేవకుండా ఆపేయండి. ఇది మర్చిపోయి నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

• ఫైల్ లాకింగ్‌ని (ఒకే ఫైలుని ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపేది) పింగ్‌పాంగ్ టూల్‌తో ముందే పరీక్షించండి.

• మనది విశాఖ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన ఊరు. మూడు సర్వర్లనీ ఒకే యూపీఎస్‌కి తగిలించకండి. ఇంకోటి, రెప్లికా (సర్వర్లన్నిట్లో ఉండే ఫైలు నకలు) అంటే బ్యాకప్ కాదు. ఒకచోట ఫైలు డిలీట్ చేస్తే మూడుచోట్లా పోతుంది. ఒక కాపీ వేరే ఊళ్లో ఉంచి, దాన్ని ఒకసారి రీస్టోర్ చేసి చూశాకే పని మొదలుపెట్టండి.