మనసారా దేవుణ్ణి ఆరాధించడం ఎలా?

ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తూ, "పాటలు బాగున్నాయి, వాక్యం బాగుంది, కానీ దేవుని సన్నిధిని అనుభవించినట్టు అనిపించలేదు" అని బాధపడేవారు మన విశాఖపట్నంలో ఏ సంఘంలోనైనా ఉంటారు. వారికి భక్తి తక్కువని నేను అనుకోను. మనసులో నలుగుతున్న అసలు సంగతిని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్తున్నాం. చిక్కంతా అక్కడే ఉంది.

ఏ కొండ మీద ఆరాధించాలన్న ప్రశ్నను సమరయ ప్రాంతపు స్త్రీ ఒకామె బావి దగ్గర యేసు ముందుంచింది. రాస్ హిల్ ఎక్కి మరియమాత మందిరానికి వెళ్లేవారికైనా, గాజువాకలో అద్దె హాలులో కూడుకునేవారికైనా ఆయన జవాబు ఒకటే: తండ్రిని "ఆత్మతోను సత్యముతోను" ఆరాధించాలి. ఆ మాట చెప్పకముందే ఆయన ఆమె కాపురం సంగతి ఎత్తాడు. దాచుకున్నది బయటపడ్డాకే వారి మాటలు ఆరాధన వైపు మళ్లాయి.

ముందు ఒంటికి విశ్రాంతి

శనివారం రాత్రి ఫోను పక్కన పెట్టి త్వరగా పడుకోండి. స్టీలు ప్లాంటులో రాత్రి షిఫ్టు చేసి ఆదివారం పొద్దున ఇంటికి చేరేవారు నిద్రను పాపంగా భావించనక్కరలేదు. కాసేపు పడుకుని సాయంకాలపు ఆరాధనకు వెళ్లవచ్చు. ఏలీయా ప్రవక్త చచ్చిపోవాలని కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత అతణ్ణి మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబు కొండ మీద అతనికి దేవుని నిమ్మళమైన స్వరం వినిపించింది ఆ తరువాతే.

పేరు పెట్టి కృతజ్ఞత చెప్పండి

"సమస్త మేలుల కొరకు వందనాలు" అని ఒక్క మాటలో తేల్చేయకండి. ఈ వారం జరిగిన మూడు మేలులు ఎంచి, ఒక్కొక్కటీ చెప్పండి: జ్వరం తగ్గింది, పాపకు కాలేజీలో సీటు వచ్చింది, పడవ క్షేమంగా ఫిషింగ్ హార్బరుకు చేరింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో ఆదాయం లేక కూర్చున్న కుటుంబానికి ఇది తేలిక కాదని తెలుసు. అలాంటప్పుడు ఒక్కటే దొరికితే ఒక్కటే చెప్పండి. మిగతాది తరువాతి మెట్టులో చెప్పుకోవచ్చు.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి

ఇక్కడ తొందరపడకండి. తలుపు వేసుకుని మోకరించండి. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలోనే కూర్చోండి. వేదిక మీద వినిపించే ప్రార్థన భాషను పక్కన పెట్టి, ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగులో మాట్లాడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా ఈ ఊరికి వచ్చిన క్రాన్, దే గ్రాంజ్ తెలుగు నేర్చుకుని సువార్తలను మన భాషలోకి తేవడానికి పూనుకున్నారు. దేవుని మాట మనకు మన తెలుగులో అందింది. మన గోడు కూడా ఆయనకు మన తెలుగులోనే చెప్పుకుందాం.

ఉదాహరణకు ఇలా: "ప్రభువా, ఈ నెల అద్దె ఇంకా కట్టలేదు. భయంగా ఉంది. ఆస్తి పంపకంలో తమ్ముడు అన్న మాట మరిచిపోలేకపోతున్నాను. వాడు బాగుంటే నాకు కడుపు మండుతోంది. ఈ కోపం తప్పని తెలుసు, వదులుకోలేకపోతున్నాను. నీవు వింటున్నావో లేదో కూడా తెలియడం లేదు."

ఇలా మాట్లాడితే దేవుణ్ణి అగౌరవపరిచినట్టేమోనని సందేహించేవారు బైబిలులో 13వ కీర్తన తెరవండి. ఉన్నవి 6 వచనాలే. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని నిలదీస్తూ మొదలై, ఆయన మేలు చేశాడని పాడుతూ ముగుస్తుంది. నిలదీసిన నోరే పాడింది. బిడ్డలు లేక కుమిలిన హన్నా అయితే మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థించింది. యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు, దేవుడు మాత్రం ఆమె మొర విన్నాడు. కన్నీళ్లు వస్తే రానివ్వండి, రాకపోతే తెచ్చుకోకండి.

ఒక్క చరణం చాలు

పాటల పుస్తకంలో మీకు బాగా తెలిసిన పాట తీయండి. రాగం లేకుండా ఒక చరణాన్ని మామూలు మాటల్లా చదవండి. అందులో ఏ పంక్తిని ఈ రోజు నిజంగా అనగలరో చూసుకుని, దానితో మొదలుపెట్టి నెమ్మదిగా పాడండి. శ్రుతి తప్పినా ఫరవాలేదు. మందిరాల్లో స్పీకర్ల హోరు తగ్గించి, నెలకు ఒక్కసారైనా వాయిద్యాలు లేకుండా సంఘమంతా గొంతు కలిపితే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. పక్కనున్న ముసలమ్మ వణికే గొంతుతో పాడుతుంటే వినడం కూడా ఆరాధనే.

తరువాత ఊరకుండండి

46వ కీర్తన "ఊరకుండుడి" అంటుంది. అయిదు నిమిషాలు ఏమీ అడగకుండా కూర్చోండి. ఇల్లు ఇరుకైతే తెల్లవారకముందే బీచ్ రోడ్డుకు వెళ్లి కూర్చోవచ్చు. ఆలోచనలు అటూ ఇటూ పోతే అదే కీర్తనను మెల్లగా మళ్లీ చదవండి.

ఒళ్లు గగుర్పొడవడాన్ని సన్నిధికి కొలతగా పెట్టుకోకండి. పరిశుద్ధుడైన దేవుణ్ణి దర్శనంలో చూసిన యెషయా ప్రవక్త మొదట అన్న మాట "అయ్యో". మీకూ ఒక తప్పు కళ్లకు కట్టినట్టు కనబడవచ్చు, మనసు కుదుటపడవచ్చు, ఎవరితోనో సమాధానపడాలనిపించవచ్చు. తమ్ముడు గుర్తుకొస్తే ఆ రోజే ఫోను చేయండి. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువే చెప్పాడు.

వారాల తరబడి ఏమీ అనిపించకపోయినా సంఘానికి దూరం కాకండి. మీ పాస్టరు గారితోనో, నమ్మకమైన పెద్దతోనో విషయం చెప్పి, మీ పక్కన కూర్చుని ప్రార్థించమని అడగండి. నిద్ర, ఆకలి కూడా పోయి దిగులు వదలకపోతే వైద్యుణ్ణీ కలవండి. ప్రార్థన, మందు రెండూ సాగనివ్వండి.