ఇంట్లోనే మెడికల్ కోడింగ్ – 9వ పాఠం: మతిమరుపు మీద సంధి

మెడికల్ కోడింగ్ అంటే చార్టులో డాక్టరు రాసిన జబ్బులకు కోడ్లు వేయడం. పోయిన పాఠంలో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు కోడ్లలో తీవ్రత అక్షరాలు చూశాం. స్వల్పానికి ఎ, మధ్యస్థానికి బి, తీవ్రానికి సి. అమెరికా వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో ఇవి 2022 అక్టోబరు 1 నుంచి వచ్చాయి. మీరు పంపిన జవాబుల్లో చాలామంది చార్టులోని జ్ఞాపకశక్తి పరీక్ష మార్కులు చూసి తీవ్రత మీరే తేల్చేశారు. అది మన పని కాదు. డాక్టరు రాస్తే వేస్తాం, రాయకపోతే అన్‌స్పెసిఫైడ్, అంటే తీవ్రత చెప్పనిది.

ఇవాళ డెలీరియం. పేరు కొత్తగా ఉన్నా సంగతి మనకు పాతదే. జ్వరం తలకెక్కి పొంతన లేకుండా మాట్లాడేవాళ్లను మన పెద్దవాళ్లు 'సంధి మాటలు మాట్లాడుతున్నాడు' అనేవారు కదా, అదే. అప్పటికే మతిమరుపు ఉన్న మనిషికి ఈ సంధి వస్తే గుర్తుపట్టడం కష్టం. కోడింగ్‌లో తప్పులు కూడా అక్కడే ఎక్కువ.

మా నాయనమ్మ సంగతి చెబుతాను. బ్రాడీపేటలో మా బాబాయి వాళ్ల దగ్గర ఉండేది. నాలుగేళ్లుగా మతిమరుపు. నా పేరు గుర్తుండేది కాదు గానీ, ఎదురుగా కూర్చుంటే నా మొహం చూస్తూ చెప్పింది వినేది. ఒక మే నెలలో, గుంటూరు ఎండలు తెలుసుగా, రెండు రోజులు సరిగా తినలేదు, తాగలేదు. మూడో రోజు సాయంత్రం దుప్పటి అంచు పీకుతూ కూర్చుంది. పిలిస్తే చూపు ఇటు తిరిగి, అంతలోనే గోడ మీదికి పోయేది. తెల్లారేసరికి మామూలుగానే కాఫీ అడిగింది. మధ్యాహ్నానికి మళ్లీ అదే వరస. ఆస్పత్రికి తీసుకెళ్తే సోడియం పడిపోయిందన్నారు, సెలైన్ పెట్టారు, నాలుగు రోజుల్లో కోలుకుంది. డిశ్చార్జి కాగితం మీద మాత్రం రోగ నిర్ధారణ అన్నచోట 'డిమెన్షియా' ఒక్కటే ఉంది. మా పిన్ని క్యాజువాలిటీలో 'ఆదివారం దాకా బానే ఉందండీ' అని మూడుసార్లు చెప్పింది. ఆ మాట ఎక్కడా రాయలేదు.

ఈ పాఠమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. డిమెన్షియా ఏళ్ల తరబడి పెరిగేది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వచ్చేది, పూటకోరకంగా ఉండేది. 1990లో షారన్ ఇనౌయె బృందం ప్రచురించిన కన్‌ఫ్యూజన్ అసెస్‌మెంట్ మెథడ్, అంటే డెలీరియం గుర్తుపట్టే పద్ధతి కూడా ఇదే చూస్తుంది. హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులు కావడం, ధ్యాస నిలవకపోవడం, ఈ రెండూ ఉండాలి. వాటికి తోడు పొంతన లేని ఆలోచన గానీ, మెలకువలో తేడా గానీ ఉండాలి. అందుకే చార్టు తెరవగానే 'ఎప్పటినుంచి' అన్నది వెతకండి. అలజడి చేసేవాళ్లకే డెలీరియం అనుకోకండి, ముడుచుకుని పడుకుని పలకని మనిషికీ ఉండొచ్చు. వాళ్ల చార్టుల్లోనే ఆ పేరు తరచూ కనపడదు.

ఇక కోడ్లు. మనకు కావలసింది ఎఫ్05. డిమెన్షియా మీద వచ్చిన డెలీరియం దీని కిందకే వస్తుంది. దీనికి 'కోడ్ ఫస్ట్' సూచన ఉంది, అంటే కారణమైన శారీరక జబ్బు ముందు రావాలి. కారణం చెప్పకుండా ఒట్టి డెలీరియం అని రాస్తే ఆర్41.0. కారణం తేల్చని డిమెన్షియా కోడ్ ఎఫ్03 కింద, ఎక్స్‌క్లూడ్స్2 అనే సూచనలో ఎఫ్05 కనపడుతుంది, చూసి కంగారుపడకండి. 2 అంటే రెండూ కలిపి వేసుకోవచ్చు. వేయకూడదనేది 1.

అభ్యాసం కోసం నేను కల్పించిన చార్టు: 81 ఏళ్ల ఆవిడ, అల్జీమర్స్, మధ్యస్థ డిమెన్షియా. రెండు రోజులుగా మనిషి మారిపోయిందని కూతురు తీసుకొచ్చింది. ఎమర్జెన్సీ నోటులో 'ఆల్టర్డ్ మెంటల్ స్టేటస్'. రెండో రోజు డాక్టరు నోటు, డిశ్చార్జి సమ్మరీ రెండిట్లోనూ 'ఈ.కోలై మూత్ర ఇన్ఫెక్షన్ వల్ల డిమెన్షియా మీద డెలీరియం'. ఇన్ఫెక్షన్ కోసమే అడ్మిట్ చేశారు.

ముందు మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఎన్39.0, క్రిమికి బి96.20, తర్వాత ఎఫ్05. ఆ వెనక అల్జీమర్స్‌కు జి30.9, దాని వెంట మధ్యస్థ డిమెన్షియాకు ఎఫ్02.బి0. వయసు 81 కదా అని జి30.1 వేయకండి, 'లేట్ ఆన్‌సెట్' అని డాక్టరు రాయలేదు. 'ఆల్టర్డ్ మెంటల్ స్టేటస్' కోడ్ ఆర్41.82 అసలు వద్దు, కారణం తెలిశాక ఆ లక్షణం కోడ్‌కు పని లేదు. వచ్చేటప్పటికే ఉన్నాయి కాబట్టి పీఓఏ, అంటే అడ్మిట్ అయ్యేటప్పటికే ఉందా అన్న గుర్తు, అన్నిటికీ వై (అవును).

ఇప్పుడు ఇదే చార్టులో నర్సు నోటు ఒకటి కలపండి: 'రాత్రి 2 గంటలకు సెలైన్ గొట్టం పీకేసింది, అరిచింది.' ఎఫ్02.బి11కి, అంటే అలజడితో కూడిన డిమెన్షియాకి మారాలా? మారకూడదు. ఆ అలజడి డిమెన్షియాదా, డెలీరియందా? నర్సు తేల్చలేదు, మనం తేల్చలేం. నర్సు నోటు నుంచి రోగ నిర్ధారణ కోడ్ చేయం, కానీ డాక్టరును అడగడానికి అదే ఆధారం. దీన్నే క్వెరీ అంటాం. 'ఈ అలజడి డెలీరియం వల్లే కదా?' అని అడిగితే జవాబు మనమే అందించినట్టు. ఇలా రాయండి:

'రెండో రాత్రి రోగి సెలైన్ గొట్టం తీసేసి అరిచినట్టు నర్సు నమోదు చేశారు. మీ అభిప్రాయంలో దీనికి కారణం: డెలీరియం / డిమెన్షియా / రెండూ / వేరే కారణం / నిర్ధారించలేం.'

డబ్బు మాట క్వెరీలో ఎక్కడా రాకూడదు. ఎందుకు చెబుతున్నానంటే, ఆస్పత్రి బిల్లు లెక్కలో ఎఫ్05 సీసీ, అంటే తోడు జబ్బు స్థాయి; మెటబాలిక్ ఎన్‌సెఫలోపతి (శరీర రసాయనాల తేడాతో మెదడు పనితీరు దెబ్బతినడం) జి93.41 ఎంసీసీ, అంటే పెద్ద తోడు జబ్బు స్థాయి. పెద్దదానికి ఎక్కువ సొమ్ము కాబట్టి డెలీరియం కనపడగానే 'ఎన్‌సెఫలోపతి అని రాయండి సార్' అని డాక్టర్ల వెంటపడేవాళ్లున్నారు. నాకది ఒళ్లుమంట. ఆడిటర్ ముందుగా పట్టుకునేదీ అదే. డాక్టరే, ఆధారాలు చూపించి, ఆ మాట రాసి ఉంటే వేరే సంగతి.

ఈ వారం మీ వంతు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన 78 ఏళ్ల మనిషి, పాత డిమెన్షియా. ఆపరేషన్ మర్నాటి నుంచి పగలు నిద్ర, రాత్రి డ్రెయిన్ లాగడం, అంతా నర్సు నోటులో ఉంది. 'ఇంట్లో ఎప్పుడూ ఇలా లేడు' అని కొడుకు మాట. డాక్టరు మూడో రోజు ఒక్కసారి 'సన్‌డౌనింగ్?' అని ప్రశ్నార్థకం పెట్టి రాశాడు, డిశ్చార్జి సమ్మరీలో ఆ ఊసే లేదు. సన్‌డౌనింగ్, అంటే సాయంత్రం అయ్యేసరికి గందరగోళం పెరగడం, ఎఫ్05 కింద ఉన్న మాటే. మరి వేస్తారా? వేస్తే పీఓఏ ఏమిటి? వేయకపోతే క్వెరీలో ఏ మూడు వాక్యాలు రాస్తారు? క్వెరీ తెలుగులోనే రాసి పంపండి, 10వ పాఠంలో వాటినే ముందు పెట్టుకుని మొదలుపెడదాం.