పెద్దవాళ్ళకు ఆన్‌లైన్ ఇంగ్లీష్ – 2వ పాఠం: ఫోన్ ఎవరి చేతిలో ఉండాలి?

పోయిన పాఠంలో మీకు ఒకే పని చెప్పాను. మీరు సాయం చేయబోయే మనిషిని కూర్చోబెట్టి, "ఇంగ్లీష్‌లో ఎవరితో ఏం మాట్లాడాలని ఉంది?" అని అడిగి, జవాబును వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠం మూడు రోజులది. రోజుకు 20 నిమిషాలు చాలు.

మొదటి రోజు: మీరు ఫోన్ ముట్టుకోవద్దు

మా పిన్నిది సఖినేటిపల్లి వైపు ఊరు. లేసు అల్లుతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన నర్సాపురం లేసే అది. చూడటానికి వచ్చిన బయటివాళ్ళకు తన పని గురించి తనే చెప్పాలని ఆవిడ కోరిక. నేను వెళ్ళి, ఆవిడ ఫోన్ తీసుకుని, మంచి వీడియో ఒకటి వెతికి పెట్టి, సాయంత్రం గోదావరి దాటించే పంటు ఎక్కి వచ్చేశాను. మర్నాడు ఆ వీడియో ఆవిడకు దొరకలేదు. "నీకు ఖాళీ అయినప్పుడు వచ్చి పెట్టమ్మా" అంది. నాకు ఖాళీ అయ్యేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆవిడ చదువు ఆగిపోయింది. తప్పు నాది. పాఠం చూపించాను గానీ పాఠం దగ్గరికి వెళ్ళే దారి చూపించలేదు.

అందుకే ఈ రోజంతా మీ చేతులు మీ ఒళ్ళోనే ఉండాలి. నోటితోనే చెప్పండి. యూట్యూబ్ తెరవడం, మైకు బొమ్మ నొక్కి కావలసింది తెలుగులో అడగడం, వీడియో ఆపడం, వీడియో మీద ఎడమ పక్క రెండుసార్లు తట్టి 10 సెకన్లు వెనక్కి వెళ్ళడం, సెట్టింగుల్లో వేగం 0.75కు తగ్గించడం. ఇవి వాళ్ళ వేలితోనే జరగాలి. అంతా అయ్యాక మూసేసి, మళ్ళీ మొదటినుంచి చేయించండి. మూడోసారి మీరు నోరు కూడా మెదపకండి. వాళ్ళు తడబడతారు. "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అనాలని మీకు గట్టిగా అనిపిస్తుంది. అనకండి.

వేగం తగ్గించడం చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, నలభై దాటినవాళ్ళకు ధైర్యం ఇచ్చేది అదే. మాట అందనప్పుడు తప్పు తమదే అనుకుని టెన్షన్ పడేవాళ్ళు, వేగం తమ చేతిలో ఉందని తెలియగానే స్థిమితపడతారు.

రెండో రోజు: వచ్చిన ఇంగ్లీష్ లెక్క

"నాకు ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు" అనే మాటతో చాలామంది మొదలుపెడతారు. అది నిజం కాదు. రొయ్యల చెరువు రైతును అడగండి: సీడు, ఫీడు, ఏరేటరు, కౌంటు, పీహెచ్. గల్ఫ్ వెళ్ళొచ్చిన అక్కను అడగండి: వీసా, మెడికల్, టికెట్, లగేజీ, డ్యూటీ. మా పిన్ని అరగంటలో అరవై మాటలు చెప్పింది. ఆర్డరు, సైజు, డిజైను, పీసు, కలరు, క్వాలిటీ... ఒక పుస్తకం తెచ్చి, ఆ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాయించండి. ఏబీసీడీల దగ్గర మొదలుపెట్టి మనిషిని చిన్నపిల్లను చేయకండి. అక్షరాలు తర్వాత వస్తాయి.

ఇప్పుడు ఆ మాటల్ని చెవికి సరిచేయాలి. మనం ఫీడు, సైజు, కలరు అంటూ చివర ఉకారం పెడతాం. అది తీసేసి ఫీడ్, సైజ్, కలర్ అనిపించండి. పరీక్షకు ఫోనే ఉంది. కీబోర్డు భాషను ఇంగ్లీష్‌కు మార్చి, మైకు నొక్కి, ఒక్కో మాట చెప్పించండి. ఫోన్ రాసింది సరైనదైతే వినేవాళ్ళకు కూడా చాలావరకు అర్థమైనట్టే. ఫ్యాన్ ఆపి చేయండి, లేకపోతే మాట సరిగా అందదు.

అంకెల దగ్గర ఇంకాస్త ఆగండి. బేరంలో 15కూ 50కీ మధ్య తేడా పోతే డబ్బు పోతుంది. ఫిఫ్టీన్ అన్నప్పుడు చివరి "టీన్"ను సాగదీసి నొక్కి పలకాలి. ఫిఫ్టీ అన్నప్పుడు ముందున్న "ఫిఫ్" మీద బలం పెట్టి, "టీ"ని పొట్టిగా వదిలేయాలి. 13, 30 నుంచి 19, 90 దాకా ఇదే పద్ధతి. మైకు ముందు చెప్పిస్తే తెరమీద ఏ అంకె పడిందో వాళ్ళే చూసుకుంటారు.

తర్వాత కాగితం తీసి, వాళ్ళ అవసరం నుంచి మూడే వాక్యాలు చేయండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీష్‌లో చేసేవాళ్ళ వెంటనే వస్తుంది. "నేను లేసు అల్లుతాను" అనేది "ఐ మేక్ లేస్" అవుతుంది. దీన్ని వ్యాకరణంగా చెప్పకండి, పదిసార్లు అనిపించండి. మా పిన్ని మిగతా రెండు వాక్యాలు ఇవి: "దిస్ టేక్స్ టూ డేస్." "హౌ మెనీ పీసెస్ డూ యూ వాంట్?"

మూడో రోజు: ఒక్క చోటు

వెతికితే వంద పాఠాలు కనిపిస్తాయి. ఒక్కటే ఎంచుకోండి. ఇంగ్లీష్ పాఠాల మీద ఏ1, ఏ2, బీ1 అని గుర్తులుంటాయి. యూరప్‌లో 2001లో ప్రచురించిన కొలత అది, ఏ1 మొదటి మెట్టు, సీ2 చివరిది. మనకు ఏ1 కావాలి. బ్రిటిష్ కౌన్సిల్ వారి లెర్న్ ఇంగ్లీష్‌లో ఆ మెట్టుకు వినే పాఠాలు ఉచితంగా ఉన్నాయి, విన్న మాటలు కింద రాసి ఉంటాయి. 1943 నుంచి ఇంగ్లీష్ నేర్పుతున్న బీబీసీ పాఠాలూ మంచివే. కానీ వారి ఆరు నిమిషాల కార్యక్రమం చిన్నదని దానితో మొదలుపెట్టకండి, అది కొంత వచ్చినవాళ్ళకు. "30 రోజుల్లో గడగడా" అనే ప్రకటనలకు డబ్బు కట్టకండి. మా బంధువు ఒకాయన అలా కట్టి, రెండో వారానికే మానేశాడు. పాఠాలన్నీ ఆయనకు అందనంత పైన ఉన్నాయి.

ఏ పాఠమైనా మొదట ఊరికే వినాలి, తర్వాత రాసినదాన్ని చూస్తూ వినాలి, మూడోసారి ఆపి ఆపి వెంట పలకాలి. చదవడం రానివాళ్ళు రెండోది వదిలేయవచ్చు.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని

రోజూ రాత్రి ఆ మూడు వాక్యాలనూ వాట్సాప్‌లో గొంతుతో మీకు పంపమనండి. మైకు నొక్కి పైకి జరిపితే వేలు తీసేసినా రికార్డు అవుతూనే ఉంటుంది. మీరు జవాబు కూడా గొంతుతోనే పంపండి, అందులో ఒకే ఒక్క తప్పు సరిచేయండి. మిగతావి కనిపించినా దాచుకోండి. ఏ రోజైనా రికార్డు రాకపోతే మర్నాడు ఫోన్ చేసి, పాఠం సంగతి ఎత్తకుండా "ఏం వండారు?" అని అడగండి. వాళ్ళే చెబుతారు.