కాలు పొడవు పెంచే ఆపరేషన్‌కు ముందు ఎముకకు ఏ పరీక్షలు, ఎలా చేయించుకోవాలి?

మా మేనల్లుడు ఎనిమిదేళ్లప్పుడు పరకాల దగ్గర బండి మీంచి పడ్డాడు, తొడ ఎముక సరిగ్గా మోకాలి పక్కన, ఎదిగే చోటే విరిగింది. పెద్దవుతున్నకొద్దీ ఆ కాలు నాలుగు సెంటీమీటర్లు పొట్టిగా ఉండిపోయింది. హన్మకొండలో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన అడుగున రబ్బరు అట్టలు పొరలు పొరలుగా అంటించి ఇస్తే ఏళ్ల తరబడి అదే వేసుకుని కాలేజీకి పోయాడు. పంతొమ్మిదో ఏట ఆపరేషన్‌కు తారీఖు ఖాయం చేసుకున్నాం, ఇంతలో విటమిన్ డి రిపోర్టు వచ్చింది, 11 ఉంది, బాగా తక్కువ. మూడు నెలలు ఆగమన్నారు. మా అక్క దవాఖాన మెట్ల మీదనే కూర్చుని ఏడ్చింది. మీ ఇంట్లో అలా కాకూడదని ఇది రాస్తున్నా.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకోండి. డాక్టర్ ఎముకను కోసి, ఫ్రేమో లోపలి రాడ్డో బిగిస్తారు, అంతే. కొత్త ఎముకను తయారు చేయాల్సింది మన ఒళ్లే. 1950ల్లో సోవియట్ దేశంలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టర్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో కోసిన ఎముక ముక్కలను రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అదీ నాలుగు విడతలుగా దూరం జరుపుతారు. ఆ సందులో మెత్తగా పుట్టిన ఎముక గట్టిపడడానికి సెంటీమీటరుకు నెల, నెలన్నర పడుతుంది. దానికి కావలసిన సరుకు ఒంట్లో లేకపోతే ఎంత మంచి సర్జన్ అయినా ఏం చేస్తారు?

మొదటి పని కొలత. టేపుతో కొలిచి వదిలేయకండి. తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసే ఎక్స్‌రే కావాలి. మావాడి పొట్టి కాలి కింద సెంటీమీటరు మందం చెక్కలు ఒక్కోటి పెడుతూ పోయారు, నాలుగోది పెట్టాక నడుము రెండు వైపులా సమానమైంది. వయసు ఇంకా చిన్నదైతే ఎదుగుదల ఎంత మిగిలిందో మణికట్టు ఎక్స్‌రేతో చూస్తారు.

తర్వాత ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద అన్నీ రాయండి, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కానీ నా లెక్కన అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లునొప్పులకో ఆయాసానికో చాన్నాళ్లు వాడిన మాత్రల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, అది ఎముకను గుల్ల చేస్తుంది. ఫిట్స్ మాత్రలు కొన్ని విటమిన్ డిని తగ్గిస్తాయి. ఏ నీళ్లు తాగి పెరిగారో కూడా రాయండి. నల్గొండ సంగతి అందరికీ తెలుసు, మన ఉమ్మడి వరంగల్, కరీంనగర్ పల్లెల్లోనూ కొన్నిచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే ఎముక స్కాన్‌లో గట్టిగా కనిపిస్తూనే పెళుసుగా ఉండొచ్చు.

రక్త పరీక్షలకు పరగడుపున వెళ్లడం మంచిది. విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోన్, క్రియాటినిన్, థైరాయిడ్, మూడు నెలల షుగరు, హిమోగ్లోబిన్, ఇన్ఫెక్షన్ ఉందేమో తెలిపే సీఆర్‌పీ, ఇవి అడుగుతారు. విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కన్నా తక్కువైతే లోపం కిందే లెక్క, 30 దాటితే నిశ్చింత. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, థైరాయిడ్ రిపోర్టు తప్పు రావొచ్చు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అందరికీ అక్కర్లేదు. స్టెరాయిడ్ వాడినవాళ్లకు, చిన్న దెబ్బకే ఎముకలు విరిగినవాళ్లకు రాస్తారు.

లోపం బయటపడితే టెన్షన్ పడొద్దు, సరిచేసుకోవచ్చు. 60,000 యూనిట్ల డి సాచెట్ మామూలుగా వారానికి ఒకటి, డాక్టర్ రాసినన్ని వారాలు మాత్రమే. తొందరగా పెరగాలని రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకే ముప్పు. రాగి జావ, పెరుగు, నువ్వులు, గుడ్లు రోజూ ఉండేలా చూడండి, వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటూ కాల్షియం ఉంటుంది.

సిగరెట్, గుట్కా, ఖైనీ ఏదైనా సరే ఆపాల్సిందే. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది, రక్తం అందని చోట ఎముక అతకదు. పొగ రాదు కదా అని ఖైనీని వదిలేయకుండా డాక్టర్‌కు నిజం చెప్పండి, మీ కాలు కోసమే అడుగుతారు.

పుచ్చిపళ్లు, మానని పుండ్లు ఉంటే ముందే బాగు చేయించుకోండి, ఫ్రేమ్ బిగిస్తే దాన్ని ఎముకకు పట్టి ఉంచే పిన్నుల దగ్గర చీము పట్టే బాధ ఎలాగూ ఉంటుంది. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే మత్తు డాక్టర్ చెప్పినప్పుడు చేయించుకుంటే చాలు.

మందులు వాడాక సుమారు మూడు నెలలకు మళ్లీ రక్తం ఇవ్వండి, పాత రిపోర్టు, కొత్తది పక్కపక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి. మావాడికి రెండోసారి 34 వచ్చింది. అక్క ఆ అంకె కింద పెన్నుతో రెండు గీతలు గీసి ఫైల్లో పెట్టింది, ఆ మర్నాడే వెళ్లి తారీఖు అడిగాం.