గోస్లార్ వెళ్లే ముందు ఇవి చూసుకోండి

జర్మనీలో హార్జ్ కొండల అంచున ఉన్న పాత ఊరు గోస్లార్. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తుంటే ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

• రామెల్స్‌బెర్గ్ గనిలోకి స్వెటర్ లేకుండా దిగకండి. వెయ్యేళ్లకు పైగా తవ్వి 1988లో మూసేసిన గని ఇది; 1992 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. నడి వేసవిలోనూ లోపల చలి, తేమ. మోకాళ్ల నొప్పులున్నా, ఇరుకు చోట్లంటే టెన్షన్ పడేవాళ్లున్నా టికెట్ కొనకముందే చెప్పండి, మెట్లు తక్కువుండే టూర్ ఏదో అడగండి. వివరణ ఏ భాషలో ఉంటుందో కూడా అప్పుడే కనుక్కోండి. ఇచ్చిన హెల్మెట్ బయటికొచ్చేదాకా తీయొద్దు. ఊరికి సిరి తెచ్చింది ఈ గనే, కాబట్టి హడావిడిగా చూడకండి.

• వీధుల నిండా రాళ్ల పరుపు. వానపడితే జారుతుంది, పట్టున్న బూట్లే వేసుకోండి.

• ఆదివారం దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. మందులు, పిల్లల తిండి శనివారమే కొనుక్కోండి.

• హార్జ్ కొండల్లోని 1,141 మీటర్ల బ్రోకెన్ శిఖరానికీ వెళ్తారా? కింద ఎండ ఉందని నమ్మొద్దు. పైన ఏడాదిలో దాదాపు 300 రోజులు పొగమంచే, గాలీ ఎక్కువే. బయల్దేరే పొద్దున వాతావరణం చూసుకోండి, రెయిన్‌కోటు పెట్టుకోండి.

• అత్యవసరమైతే 112.