కుక్కని చదవడం నేర్చుకుందాం: 3వ పాఠం

పోయిన పాఠంలో కుక్క పళ్ళు లెక్కపెట్టమన్నా కదా, పైన 20 కింద 22, మొత్తం 42 వచ్చుంటే కరెక్టే. 28 వచ్చినవాళ్ళు పాలపళ్ళున్న కుక్కపిల్లని చూశారన్నమాట, అది కూడా తప్పు కాదు.

ఇవాళ ముందు ఒక మాట తేల్చుకుందాం. తెలుగులో జాతి అనే మాటని మనం రెండిటికీ వాడేస్తాం, తోడేలు ఒక జాతి అంటాం, లాబ్రడార్ కూడా ఒక జాతే అంటాం, చదివేవాళ్ళు సగంమంది ఇక్కడే తికమక పడతారు. అందుకే ఈ పాఠాల్లో జాతి అంటే స్పీషీస్ మాత్రమే. లాబ్రడార్, పగ్, జర్మన్ షెపర్డ్ ఇవన్నీ బ్రీడ్లు, అంటే ఒకే జాతిలో మనిషి ఎంచి పెంచిన రకాలు.

సైన్సు వర్గీకరణలో పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకి మెట్లు ఇలా దిగాలి: కార్నివోరా క్రమం, కెనిడే కుటుంబం, కెనిస్ ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు). తోడేలు, కయోటీ (ఉత్తర అమెరికాలో ఉండే తోడేలు లాంటి జంతువు) కూడా ఈ కెనిస్ లోవే, కుక్కకి లాగే వీటికీ 78 క్రోమోజోములు, వీటి మధ్య సంకరం కూడా జరుగుతుంది. నక్క అన్నప్పుడు మాత్రం జాగ్రత్త, జాకాల్‌ని ఫాక్స్‌ని రెండిటినీ మనం నక్క అనేస్తాం కానీ ఎర్ర ఫాక్స్ వల్పిస్ అనే వేరే ప్రజాతి.

ఇక పేరు చదవడం. 1758లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త కుక్కకి కెనిస్ ఫెమిలియారిస్ అని పెట్టాడు, తోడేలుకి కెనిస్ లూపస్. తర్వాత 2005 నాటి ప్రపంచ క్షీరదాల పట్టికలో కుక్కని తోడేలు కిందకి తెచ్చి కెనిస్ లూపస్ ఫెమిలియారిస్ అన్నారు, 2019లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) లోని కెనిడ్, అంటే కుక్క కుటుంబపు, నిపుణులు మళ్ళీ కెనిస్ ఫెమిలియారిస్ వైపే మొగ్గారు. సో మూడు మాటలు కనిపిస్తే రాసినాయన కుక్కని తోడేలు ఉపజాతిగా లెక్కేస్తున్నాడని, రెండే ఉంటే విడి జాతి అంటున్నాడని అర్థం చేసుకోండి.

మెట్లు ఇక్కడితో అయిపోయాయి, బ్రీడ్‌కి లాటిన్ పేరు ఉండదు. 1911లో మొదలైన ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ కుక్కల సంఘాల సమాఖ్య బ్రీడ్లని 10 గ్రూపులు చేసింది, అందులో పని, ఆకారం రెండూ చూస్తారు, అది సైన్సు వర్గీకరణ కాదు.

మరి పని ఎక్కణ్ణుంచి వచ్చింది? తోడేలు వేటలోంచే. ఈ వరుస నోటికి రావాలి: గమనించడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టుకోవడం, చంపే కాటు, చీల్చి తినడం. మనిషి తరతరాలుగా ఎంచుకుంటూ ఇందులో కొన్ని మెట్లు పెంచాడు, కొన్ని అణిచాడు. బోర్డర్ కోలీ ఒంగి గొర్రెల మీద చూపు నిలిపి పొంచి నడుస్తుంది, తరుముతుంది, అక్కడితో ఆగాలి, కరిస్తే అది కాపరికి పనికిరాదు. పాయింటర్ పిట్టని పసిగట్టి బొమ్మలా నిలబడిపోతుంది. వేటగాడు కొట్టిన పిట్టని తెచ్చిచ్చే రిట్రీవర్‌లో పట్టుకోవడం బలంగా ఉంటుంది కానీ నోరు మెత్తన, తెచ్చిన బాతుకి పంటిగాటు పడకూడదు. టెర్రియర్‌లో చంపే కాటు అలాగే మిగిలింది, ఎలుకని పట్టి విదిలించేస్తుంది చూడండి, అదే. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది మాత్రం మందకి కాపలా ఉండే గ్రేట్ పిరనీస్ లాంటివి, వీటిలో వేట వరుస దాదాపు నిద్రపోతుంది, పైగా మూడో వారం నుంచి పన్నెండో వారం లోపల గొర్రెల మధ్య పెరిగితే ఆ గొర్రెలే తనవాళ్ళు అనుకుని తోడేలు వస్తే అడ్డం నిలబడుతుంది.

ఈ వారం పని: తెలిసిన కుక్క ఒకదాని ముందు బంతి దొర్లించి పది నిమిషాలు చూడండి, ఏ మెట్టు దగ్గర మొదలైంది, ఎక్కడ ఆగింది, ఏది వదిలేసింది రాసుకోండి. బ్రీడ్ పేరు చూసి ముందే జవాబు రాసేయకండి ప్లీజ్, 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో కుక్కల ప్రవర్తనలో ఉన్న తేడాల్లో బ్రీడ్ వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. బ్రీడ్ తెలియని కుక్కయితే ఇంకా మంచిది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, 4వ పాఠంలో వాసన పట్టే కుక్కల దగ్గర అదే వాడతాం.